వెనక్కి తొవ్వ లేని డెమో

మొన్న మా ఆమెను రైలెక్కియ్యటానికి మంచిర్యాల స్టేషన్‌కు పోతే రైలు గంటన్నర లేటు. ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఒరిగి కూసున్నం. మా ఎదురుంగ ఇద్దరు ఇంజినీరింగ్ చదివే ఆడపిల్లలు ఒడిల లాప్‌టాప్ పెట్టుకొని, పల్లికాయలు ఒలుచుకుంట ఏదో ఆట ఆడుతున్నరు. వాండ్లల్ల ఒక పిల్ల ఉన్నట్టుండి "డెమోనే గిట్లుంటే అసలు ఆట ఎట్లుంటదే!" అని ఒర్రింది. డెమో అన్న మాట చెవుల పడంగనే నా పానం ఝల్లుమన్నది. మా ఆమె దిక్కు చూసిన. ఆమె అప్పటికే నా దిక్కు చూస్తున్నది. ఆమె సంచిల చెయ్యి పెట్టి, అండ్ల లేని దేనికోసమో ఎతుకుడు మొదలుపెట్టింది.

బొగ్గుబాయిల దిగేటోళ్లకు లైట్లిచ్చే లాంపు రూముల ముప్పై ఏండ్లు నౌకరి చేసినోనికి కంప్యూటర్ ఆటలతోని ఏం పని అని మీరు అనుకోవచ్చు. దానికి కారణం మా మరదలు. మా ఆమెకు పదేండ్లు చిన్నది. తెలంగాణ రావడానికి మూడు నాలుగేండ్ల ముందు ముచ్చట ఇది. మరదలు కరీంనగర్‌ల కంప్యూటర్ చదువు పూర్తి చేసి, గోదావరిఖనిల అమ్మానాయినల దగ్గర ఉండి నౌకరికి తయారవుతున్నది. తయారవుతున్నదనే మేమందరం అనుకున్నం. పొద్దంత తలుపు దగ్గరికేసుకొని, చెవులకు డొప్పలు పెట్టుకొని కంప్యూటర్ ముందర కూసునేది. మా అత్త ఆ తలుపు సందుల నుంచి చాయ లోపలికి పెట్టి, "నా బిడ్డ రాత్రింబగళ్లు చదివి చదివి కండ్లు గుంజుకపోయినయి" అని వాడకట్టంత చెప్పుకునేది. ఒకనాడు నేను ఏదో పని మీద పోయి తలుపు తీస్తే, మా మరదలు కత్తి పట్టుకొని ఒక తోడేలును నరుకుతున్నది. తెర మీదనే అనుకోండి. అయినా నాకు గుండె గుభేల్మన్నది.

"అరవకు బావా, ఇది పనే" అన్నది ఆమె, మొకం కూడ తిప్పకుంట. తర్వాత నిమ్మళంగ చెప్పింది. లోకం మీద యాడయాడనో ఇద్దరు ముగ్గురు దోస్తులు కలిసి, పెద్ద కంపెనీల పొత్తు లేకుంట, ఇంట్ల కూసొనే ఆటలు తయారు చేస్తరట. ఇంట్ల పాపడాలు చేసినట్టా అంటే, అవు బావా, అట్లనే అన్నది. ఆట పూర్తి కాకముందే అండ్లకెల్లి ఒక ముక్క కోసి, రుచి చూడుండ్రి అని మందికి పెడుతరట. ఆ ముక్కను డెమో అంటరు. ఈమె పని ఆ డెమోలు ఆడి, మొదటిసారి చూస్తే ఏమనిపించిందో ఇంగ్లీషుల రాసి ఒక వెబ్‌సైటుకు పంపుడు. అచ్చంగ ఆడినందుకు, అనిపించింది రాసినందుకు ఒక మనిషిని పెట్టుకుంటరా అని నేను నోరెల్లబెట్టిన. పొద్దున లేస్తె మాకు ఏమేమో అనిపిస్తది, ఎవడన్న రాయమని అడుగుతడా?

ఆ పొద్దు నుంచి సెలవు దొరికితే చాలు, నేను ఆ రూముల స్టూలు మీద తేలిన. మా మరదలికి కూడ నాలాంటి ఏమీ తెల్వనోడు ఒకడు పక్కన కావాలనిపించింది కావచ్చు. "నువ్వు ఆడు, నేను రాసుకుంట" అనేది. కొట్లాట ఆటలు నాకు అచ్చిరాలే. ఒక దాంట్ల పరదా లేసినంక నేను పది అడుగులు నడిచి, ఒక కప్ప చేతుల సచ్చిన. ఇంకొకటి వేషం కట్టే రకం. చిందు బాగోతంల వేషం కట్టినట్టే, మనం ఒక మనిషి అయిపోతం, మనం ఎటు పోతే కథ అటు పోతది. అండ్ల నేను ఊరూరు తిరిగి మందులమ్మే ఆమెను. ఒక గుడిసె ముందర ఒక ముసలాయన పాత రోగాల సంగతి చెప్పుకుంట పోయిండు, నేను అరగంట ఇన్న. ఇంగ ఆయన కొడుకు ఎట్ల తప్పిపోయిండో చెప్పబోతుంటే తెర నల్లగైంది. "మా డెమో ఆడినందుకు కృతజ్ఞతలు" అని పడ్డది. నాకు తల మీద నీళ్లు గుమ్మరించినట్టయింది. "ఆయన కొడుకేమైండే?" అన్న. "ఇంకా చెయ్యలేదు బావా" అన్నది మరదలు. ఆ కొడుకు ఇంకా తయారే కాలేదన్న మాట నాకు నాలుగు దినాలు అరగలే.

ఇంగ మా మామ సంగతి. మామ అంటే మా ఆమెకూ మరదలికీ నాయిన. అప్పటికి రిటైరై నాలుగేండ్లయింది. బాయిల టింబర్‌మన్ చేసిండు, అంటే బొగ్గు తీసిన జాగల పైకప్పు కూలకుంట కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. పొడుగాటి మనిషి, అయినా ఎక్కడికి పోయినా తల జర వంచుకొనే నడిచేటోడు. ఎవరన్న కొత్త ఇల్లు కట్టుకొని పిలిస్తే, బువ్వ తినేముందు చేతికర్రతోని స్లాబును నాలుగు దిక్కుల కొట్టి ఇనేది. గట్టి బండైతే ఖంగుమంటది, డొల్లదైతే డబ్బుమంటది అనేటోడు. ఇంటోళ్లు బీరిపోయి చూసేది, మా అత్త సిగ్గుతోని కొంగు నోట్లె కుక్కుకునేది. మాటలు మాత్రం తక్కువ. బాయిల ఒకసారి బండ పడి ఆయన జోడీదారు సచ్చిపోయిండని మాకు తెలుసు. మూడేండ్లు ఇద్దరు కలిసి దిమ్మెలు కొట్టినోళ్లు. ఆ ముచ్చట ఎవరన్న ఎత్తితే మామ లేచి బయటికి పోయి చెట్లకు నీళ్లు పోసేటోడు. వానకాలంల కూడ పోసేటోడు.

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న దినాలు. బాయిలన్ని బందు. పొద్దున మీటింగుల పోయి కూసునుడు, పగటాల ఇంటికొచ్చి బువ్వ తినుడు, ఇంగ తోచుబాటు లేదు. అసువంటి ఒక పగటీలి మరదలు వచ్చి, నెట్టుల నుంచి రెండు దినాల సంది దిగుతున్న డెమో దిగింది, బాయి ఆటనంట, అందరు రాండ్రి అన్నది. మా ఆమె, నేను, అత్త పోయినం. మామ గడపల నిలబడి చూస్తుండు. ఎక్కడో చలిదేశంల, బొగ్గు ఊర్లె పుట్టిన అక్కతమ్ముడు చేసిన ఆటనట. తెర మీద చీకటి. నెత్తి మీది లైటు పడ్డంత మేరనే కనపడుతది. సన్నగ నీళ్లు కారే సప్పుడు. మేం నడిపే మనిషి ముందర ఇంకొక మనిషి వంగి దిమ్మె కింద చెక్క కొడుతుండు. మా అత్త పెండ్లయి నలబై ఏండ్లకు మొదటిసారి బాయి లోపల చూసింది. "గింత ఇరుకా? గీండ్లనా మీరు బువ్వ తినేది?" అని నా మోకాలు గట్టిగ పట్టుకున్నది.

అప్పుడు తెర లోపల ఒక సప్పుడైంది. ఎండుకట్టె ఇరిగినట్టు, చిన్నగ. మాకెవ్వరికి అది లెక్కకు రాలే. మామ మాత్రం గడప కాడి నుంచి ఒక్క దుంకు దుంకిండు. "ఉరుకు! పైన పలికింది, ఉరుకు!" అని ఇల్లదిరేటట్టు ఒర్రిండు. ఆయన అంత గట్టిగ మాట్లాడంగ నేను ఎన్నడు ఇనలే. మరదలి చేతులు వాటంతట అవే పని చేసినయి. తెర లోపలి మనిషి బయటి దిక్కు ఉరికిండు, వెనుక నుంచి కొండ కూలినట్టు సప్పుడు, దుమ్ము. తర్వాత ఎలుతురుల ఒక మాట వచ్చింది. మరదలు తెలుగుల చదివింది. "మీరు బతికి బయటపడ్డరు. డెమో అయిపోయింది."

మామ చెయ్యి గోడకు ఆనించి నిలబడ్డడు. "మరి ఆయన?" అన్నడు. ఎవరు బాపు అన్నది మరదలు. "చెక్క కొడుతున్నాయన. ఆయన ఏమైండు?" తెర మీద ఆయన లేడు. బతికినందుకు మెచ్చుకొని పంపిండ్రు, అంతే. మామ బయటికి పోయిండు. ఎన్నడు లేంది చెట్ల దిక్కు పోకుంట అరుగు మీద కూసున్నడు.

తెల్లారి పదిగంటలకు మేము ఎవ్వరం ఊహించనిది జరిగింది. మామ స్నానం చేసి, తెల్లంగి తొడుక్కొని కూతురి రూములకు వచ్చి, "ఆ ఆట నాకు నేర్పు" అన్నడు. దిమ్మెలు మోసి మోసి ఆయన చేతివేళ్లు జామకాయల లెక్క కాయలు కాసినయి. ఒక్క బటన్ నొక్కితే మూడు పడేది. అయినా నాలుగు దినాలు, పొద్దుగాల పది నుంచి బువ్వ ఏళదాక అదే ముక్క ఆడిండు. సప్పుడు కాంగనే ఉరుకుడు ఆపి వెనక్కి మర్రుడు, ఆ చెక్క కొట్టే మనిషి దిక్కు పోవుడు. పోతుంటే కనపడని గోడేదో అడ్డం తాకినట్టు ఆగిపోవుడు, పైకప్పు పడుడు. మళ్ల మొదటికి. చూస్తున్న మాకు మొదట నవ్వచ్చింది. రెండోనాటికి నవ్వు పోయింది. మా అత్త వచ్చి పోయి తొంగి చూసి, కండ్లు ఒత్తుకునేది. నాలుగోనాడు మరదలు ఉండబట్టలేక ఆయన చెయ్యి మీద చెయ్యేసి, "బాపు, అటు పోతానికి తొవ్వే పెట్టలే వాండ్లు. నువ్వెన్ని సార్లు పోయినా అంతే" అన్నది.

మామ చేతులు ఒళ్లె పెట్టుకున్నడు. తెర దిక్కే చూసుకుంట చెప్పిండు. "నేను అరవలే బిడ్డా."

మాకు సమజు కాలే. ఆయనే మళ్ల చెప్పిండు. ఆ పొద్దు బాయిల జోడీదారు వంగి దిమ్మె కింద చెక్క కొడుతుండట. పైన బండ పలికింది. మామకు ఇనపడ్డది. కాళ్లు ఉరికినయి, నోరు లేవలే. మూల మర్రినంక వెనుక పడ్డది. "తర్వాత ఆఫీసర్లు అడిగితే, నేను అరిసిన సారూ, ఆయన లేచేలోపట పడ్డదని చెప్పిన. ఆయన భార్యకూ అదే చెప్పిన. ఇరవై రెండేండ్లాయె." ఆ జోడీదారు భార్యను మామ చెల్లె అని పిలుస్తడు. ప్రతి యేడు రాఖీ పున్నమకు ఆమె వచ్చి మామ చేతికి రాఖీ కడుతది. ఆ నాలుగు దినాలల్ల మా కండ్ల ముందర ఆయన ఎవరి కోసం వెనక్కి మర్రుతుండెనో అప్పుడు ఎరుకైంది. నా మామను నేను అప్పటిదాక చూడనే లేదనిపించింది.

"చెల్లెకు చెప్పాలె" అన్నడు మామ. ఇప్పుడెందుకు, పాత పుండు ఎందుకు గీకుడు అని అత్త అడ్డం పడ్డది. "ఆమె నాకు రాఖీ కట్టంగ చెయ్యి కాలుతది నీకేం తెలుసు" అన్నడాయన. సమ్మెల బస్సులు కూడ బందు. నా సైకిల్ మోటర్ మీద నేనే తీస్కపోయిన. రెండు బస్తీల అవతల ఇల్లు. తండ్రి నౌకరి ఆమె కొడుకుకే వచ్చింది, అతను సమ్మె మీటింగుకు పోయిండు. ఆమె ఒక్కతే వాకిట్ల కూసొని చింతపండు గింజలు తీస్తున్నది. అన్న వచ్చిండని లేచి, నులక మంచం వాల్చి, చాయ పెట్టింది. గిలాస చేతికిచ్చి ఎదురుంగ పీట మీద కూసున్నది. మామ చాయ తాగలే. గిలాస కింద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసిండు. ఎట్ల పలికింది, ఎట్ల ఉరికిండు, ఎట్ల అరవలే, అరిసిన్నని ఎట్ల అబద్ధమాడిండు. తల ఎత్తకుంటనే చెప్పిండు.

ఆమె ఏడుస్తదనుకున్న. తిడుతదనుకున్న. రాయి తీసుకొని కొట్టినా మామ కదిలేటట్టు లేడు. ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుసుకున్నది. "అరిసినా ఆయనకు ఇనపడకపోయేది అన్నా" అన్నది.

మామ తలెత్తిండు.

"చెవులు పోయినయి ఆయనకు. మందు పేలిచ్చే దగ్గర పనిచేసి చేసి, ఒక చెవు మొత్తం, ఒక చెవు సగం. దవాఖానల చూపిస్తే అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపుతరని భయం. ఇంకొక్క యేడు దాచు, పోరని చదువు కానీ అని నేనే చెప్పిన. నేనే." ఆమె పీట జర ముందుకు గుంజుకున్నది. "నువ్వు అరిసినవని చెప్పినప్పుడల్ల, ఆ అరుపు ఆయనకు ఇనపడకుంట చేసింది నేనేనని నాకు నిద్ర వచ్చేది కాదు. కొడుకు నౌకరి ఏడ పోతదోనని ఎవ్వరికి చెప్పలే."

మామ నమ్మలే. "మూడేండ్లు పక్కన పనిచేసిన చెల్లె, నాకు తెల్వకుంట ఎట్లుంటది? నేనేదన్న అంటే జవాబు చెప్పేటోడు గదా."

"నీ పెదవులు చూసి చెప్పేటోడు. మాట్లాడినప్పుడల్ల నెత్తి మీది లైటు నీ మొకం మీదికి కొట్టేటోడా కాదా?"

నేను లాంపు రూముల ఎన్ని వేల లైట్లు ఇచ్చిననో, తీసుకున్ననో. ఒక లైటు అట్ల పనికొస్తదని నాకు ఎన్నడు తోచలే. "కొట్టేటోడు," అన్నడు మామ. "కండ్లల్ల కొడుతవేందిరా అని రోజు తిట్టేటోణ్ణి. నవ్వేటోడు." ఆమె కూడ చిన్నగ నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్సింది. మామ ఏడ్వలే. లేచి, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంగ పోతం అల్లుడా అన్నడు.

ఆమె మాటతోని మామ గుండె మీది బరువు దిగి ఉంటదని నేను తొవ్వంట సంబురపడుకుంట బండి నడిపిన. బొగ్గు లారీలు లేక తొవ్వ ఉడ్సి పెట్టినట్టున్నది. సగం దూరం వచ్చినంక మామ వెనుక నుంచి నా భుజం పట్టుకొని, "ఇనపడదని తెలిసి ఉంటే చెయ్యి పట్టి గుంజేటోణ్ణి" అన్నడు. నేను బండి స్లో చేసిన. "గుంజేటోణ్ణో కాదో," అని ఆయనే మళ్ల అన్నడు, "అది కూడ తెల్వదు."

మరదలు ఆ డెమో గురించి రాసేముందు నాయినను అడిగింది. నా సంగతి, చెల్లె సంగతి ఒక్క అక్షరం రాయకు, వెనక్కి పోతానికి తొవ్వ లేదని మాత్రం రాయి అన్నడు. అట్లనే రాసింది. బాయిల బతికినోనికి పక్కోడు ఏమైండన్నది మొదటి ప్రశ్న, మీ ఆట ఆ ప్రశ్న అడగనియ్యకుంటనే అయిపోతుంది అని రాసి పంపింది. వారం దినాలకు ఆ అక్కతమ్ముడు ఆమెకు జాబు రాసిండ్రు. మా దగ్గర ఆడి చూసినోళ్లల్ల ఒక్కరు కూడ వెనక్కి మర్రలే, అందుకే అటు దిక్కు మేము కట్టనే లేదు అని. అది చదివి ఇనిపిస్తే మామ ఒక్కడే ఆశ్చర్యపోలే. "మర్రరు," అన్నడు.

అసలు ఆట తెలంగాణ వచ్చినంక వచ్చింది. అప్పటికి మరదలికి వరంగల్‌ల కాలేజీల పాఠం చెప్పే నౌకరి దొరికింది. ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకొని వచ్చి, "బాపు, తొవ్వ పెట్టిండ్రు" అన్నది. మామ చెల్లె కూడ ఆ పొద్దు ఇంట్లనే ఉన్నది. మామ కండ్లద్దాలు తుడుసుకొని కూసున్నడు. ఆ చీకటి, ఆ నీళ్ల సప్పుడు. పైన పలికింది. మామ వెనక్కి మర్రిండు. ఈసారి గోడ తాకలే. పోయి ఆ మనిషి భుజం పట్టి గుంజిండు. ఆయన లేచి నిలబడ్డడు, లైటు ఎలుతురు తెర నిండ పడ్డది. అప్పుడు ఇద్దరి మీద పైకప్పు కూలింది. మా అత్త కెవ్వుమన్నది. మరదలు మొకం మాడిపోయింది, మళ్ల ఆడు బాపు, జల్ది చేస్తే బయటపడచ్చంట అన్నది. మామ ఒద్దని చెయ్యి ఊపిండు. "సరిగ్గనే చేసిండ్రు" అని లేచి, చెల్లె పక్కన పోయి కూసొని, ఏం కూర వండుతున్నరని అడిగిండు.

మామ ఆ తర్వాత ఏడేండ్లున్నడు. ఆదివారం ఆదివారం చెల్లె వచ్చేది, లేదా ఆయన పోయేటోడు. కూసొని ఆ సచ్చిపోయినాయన చేసిన ఆగంపనులు చెప్పుకొని నవ్వుకునేటోళ్లు. ఆయనకు వంకాయ పడేది కాదని, ఈత రాకుంటనే గోదావరిల దుంకిండని, అప్పటిదాక మాకు తెల్వని మనిషి ఒకడు మా ఇంట్ల మసులుడు మొదలుపెట్టిండు. ఇరవై రెండేండ్లు ఇద్దరు చెరొక మాట మింగి కూసున్నరు. చెప్పుకున్ననాడు, మామ కింద పెట్టిన చాయ మీద మీగడ కట్టేంత సేపు కూడ పట్టలే. కాలం మనిషికి ఇంత పొడుగు ఎందుకు ఇస్తదో, అండ్ల అక్కరకొచ్చేది అంత చిన్నగ ఎందుకుంటదో, నాకు ఇప్పటికీ ఎరుక కాదు.